మొక్కకు వెలుగు.. మనిషికి ముప్పు కారాదు

సొంతంగా ఎల్‌ఈడీ దీపాలు తయారు చేసుకుంటున్న వారు తప్పక పాటించవలసిన విద్యుత్ జాగ్రత్తలు

పలమనేరు: రాత్రివేళ దీపాల వరుసలతో వెలిగే చామంతి తోటలు చిత్తూరు జిల్లా పడమటి మండలాల ప్రజలకు ఇప్పుడు కొత్త కాదు. డ్రాగన్‌ఫ్రూట్ తోటల్లో సైతం చలికాలంలో పూత కోసం బల్బులు వేలాడదీస్తున్నారు. పట్టణాల్లో మేడ మీద కుండీల సేద్యం చేసేవారు, ఎండ పడని గదిలో ఆకుకూరలు, నారు పెంచేవారు కూడా మొక్కల కోసం ప్రత్యేక దీపాలపై ఆసక్తి చూపుతున్నారు. రెడీమేడ్ దీపాల ధర ఎక్కువగా ఉండటంతో పలువురు విడిభాగాలు కొనుగోలు చేసి స్వయంగా బిగించుకుంటున్నారు. దీపం వెలిగితే పని పూర్తయిందని భావించడం సహజం. అయితే వెలగడం వేరు, భద్రంగా వెలగడం వేరు. నీరు, తడి మట్టి, లోహపు చట్రం, విద్యుత్తు ఒకేచోట కలిసే పని ఇది. మొక్కలకు నీళ్లు పోసే ఇల్లాలు, తోటలో తిరిగే కూలీ, ఆడుకునే పిల్లలు ఆ దీపాన్ని ఏదో ఒక సమయంలో తాకకుండా ఉండరు. తయారు చేసిన వారికి తెలిసిన లోపం తాకిన వారికి తెలియదు. అందుకే ఈ పనిలో ఎంతవరకు స్వయంగా చేసుకోవచ్చు, ఎక్కడ చేయి పెట్టరాదు అన్నది ముందుగా తెలుసుకోవాలి.

ఎందుకీ దీపాలు?

మొక్కలు ప్రధానంగా 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే కాంతితో ఆహారం తయారు చేసుకుంటాయి. ఇందులో 450 ప్రాంతంలోని నీలి కాంతి, 660 ప్రాంతంలోని ఎరుపు కాంతి బాగా ఉపయోగపడతాయి. గదిలో పెంచే మొక్కలకు సూర్యకాంతికి బదులుగా ఈ వెలుగును అందిస్తారు.

తోటల్లో వేసే దీపాల ప్రయోజనం వేరు. అక్కడ కావలసింది ఆహారం కాదు, పొద్దు పొడవు. మన ప్రాంతంలో డిసెంబరులో పగలు సుమారు 11 గంటలు, జూన్‌లో 13 గంటల వరకు ఉంటుంది. చామంతి పొద్దు తగ్గినప్పుడు పూసే మొక్క. రాత్రి మధ్యలో కొన్ని గంటలు వెలుగు ఇస్తే పూత వాయిదా పడి మొక్క ఎత్తుగా ఎదుగుతుంది. డ్రాగన్‌ఫ్రూట్ ఇందుకు విరుద్ధం. పొద్దు పెరిగినప్పుడు పూస్తుంది. చలికాలపు రాత్రుల్లో దీపాలు వెలిగిస్తే వేసవి వచ్చిందని భ్రమించి మొగ్గ తొడుగుతుంది. వియత్నాం రైతులు అనుసరిస్తున్న ఈ పద్ధతి ఇప్పుడు మన తోటల్లోనూ కనిపిస్తోంది. కారణం ఏదైనా దీపాలు వెలగవలసింది రాత్రివేళ, తడి నేలపై, మనుషులు తిరిగే చోట. ప్రమాదానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి మరొకటి ఉండదు.

‘ఎల్‌ఈడీయే కదా’ అన్న ధీమా వద్దు

ఒక్కో తెల్లని లేదా నీలి ఎల్‌ఈడీకి కావలసింది సుమారు 3 వోల్టులు. ఎరుపు ఎల్‌ఈడీకి 2 వోల్టుల పైచిలుకు సరిపోతుంది. టార్చిలైటు బ్యాటరీల స్థాయి వోల్టేజీ కనుక ఎల్‌ఈడీతో షాక్ కొట్టదని చాలామంది నమ్ముతారు. ఇది సగం నిజం మాత్రమే.

గోడ సాకెట్‌లో ఉన్నది 230 వోల్టుల ఏసీ. దాని శిఖర విలువ 325 వోల్టుల వరకు ఉంటుంది. ఆ విద్యుత్తును ఎల్‌ఈడీకి తగిన డీసీగా మార్చి, కరెంటును హద్దులో ఉంచే పరికరమే డ్రైవర్. ప్రమాదకరమైన విద్యుత్తుకు, నిరపాయమైన విద్యుత్తుకు మధ్య సరిహద్దు ఇదే. ఆ సరిహద్దు పటిష్ఠంగా ఉంటే ఎల్‌ఈడీ వైపు చేతితో తాకినా ప్రాణాపాయం ఉండదు. అది లేకపోయినా, బలహీనంగా ఉన్నా ఎల్‌ఈడీ పలక సైతం తెగిపడిన కరెంటు తీగతో సమానం.

తడి చేతులతో, వట్టి కాళ్లతో ఉన్న మనిషి శరీరపు నిరోధం వెయ్యి ఓమ్‌ల స్థాయికి పడిపోవచ్చు. అటువంటి స్థితిలో 230 వోల్టులు తగిలితే దేహం గుండా సుమారు 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఒక మిల్లీ ఆంపియరుకే చురుక్కుమంటుంది. పది మిల్లీ ఆంపియర్ల ప్రాంతంలో కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగను వదలలేని స్థితి ఏర్పడుతుంది. ముప్పై దాటిన తర్వాత శ్వాసకు, గుండె లయకు ముప్పు మొదలవుతుంది. అంటే ఒక చిన్న దీపం వెలగడానికి కావలసినంత కరెంటు కూడా ప్రాణం తీయడానికి అవసరం లేదు.

డ్రైవర్ ఎంపికే కీలకం

మార్కెట్‌లో రెండు రకాల డ్రైవర్లు లభిస్తున్నాయి. మొదటిది ఐసొలేటెడ్ రకం. ఇందులో 230 వోల్టుల వైపునకు, ఎల్‌ఈడీ వైపునకు మధ్య చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. రెండు వైపుల తీగలకు నేరుగా సంబంధం ఉండదు. రెండవది నాన్ ఐసొలేటెడ్ రకం. ఇది చౌక, చిన్నది, కాస్త సమర్థమైనది కూడా. కాని ఎల్‌ఈడీ వైపు తీగకు, మెయిన్స్‌కు నేరుగా లంకె ఉంటుంది. ఎల్‌ఈడీ రెండు కొసల మధ్య మీటరు 36 వోల్టులే చూపించినా, వాటిలో ఏ కొసను తాకినా నేలకు 230 వోల్టుల షాక్ తగిలే అవకాశం ఉంది. ఇంట్లో వాడే సాధారణ ఎల్‌ఈడీ బల్బుల్లో ఎక్కువగా ఉండేది ఈ రకమే. బల్బు మొత్తం ప్లాస్టిక్ తొడుగులో మూసి ఉంటుంది కనుక అక్కడ ఇబ్బంది లేదు. పాడైన బల్బులను విప్పి, ఆ డ్రైవర్‌ను, పలకను తీసి అల్యూమినియం పట్టీకి బిగించి మొక్కల దీపంగా మార్చడం మాత్రం అత్యంత ప్రమాదకరం.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ‘డ్రైవర్ అవసరం లేదు’ అంటూ విక్రయించే 220 వోల్టుల చిప్. యాభై వాట్ల పలకపైనే అన్ని భాగాలు అమర్చి, రెండు వైర్లు నేరుగా సాకెట్‌లో పెట్టుకోవచ్చని చెబుతారు. ధర తక్కువ కావడంతో సొంతంగా తయారు చేసుకునేవారు దీనివైపే మొగ్గు చూపుతారు. ఈ పలకపై టంకం వేసిన బిందువులు బయటకే కనిపిస్తాయి. వాటిలో నేరుగా మెయిన్స్ విద్యుత్తు ఉంటుంది. కింద ఉన్న అల్యూమినియానికి, విద్యుత్తు పారే రాగి పొరకు మధ్య ఉండే నిరోధక పొర మందం మిల్లీమీటరులో పదో వంతు స్థాయిలోనే ఉంటుంది. మరను కాస్త ఎక్కువ బిగించి పలక వంగినా, కింద ఇనుప రజను ఇరుక్కున్నా, వేడికి పొర పగిలినా హీట్‌సింక్ మొత్తానికి కరెంటు పాకుతుంది. దీపం మాత్రం యథాప్రకారం వెలుగుతూనే ఉంటుంది. తడి ఉండే చోట ఇటువంటి చిప్‌ను వాడనే కూడదు.

కొనేటప్పుడు డ్రైవర్‌పై ఉన్న వివరాలు చదవాలి. ఐసొలేటెడ్ అని గాని, ఎస్ఈఎల్‌వీ అని గాని ఉండాలి. గరిష్ఠ అవుట్‌పుట్ వోల్టేజీ 60 లోపు ఉంటే మేలు. ఎల్‌ఈడీలను వరుసగా కలుపుతూ పోతే వోల్టేజీ కూడా పెరుగుతుంది. పన్నెండు తెల్ల ఎల్‌ఈడీల వరుసకు 36 వోల్టులు చాలు. యాభై కలిపితే 150 వోల్టులు కావాలి. అప్పుడు డీసీ వైపు కూడా ప్రమాదకరమే. ఎల్‌ఈడీ డ్రైవర్లకు మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. పెట్టెపై బీఐఎస్ గుర్తుతో పాటు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్యను సరిచూసుకోవచ్చు. పేరు, సంఖ్య ఏదీ లేని డ్రైవర్‌ను వంద రూపాయల ఆదా కోసం కొనరాదు.

ఈ లెక్కన సొంతంగా చేసుకునేవారికి సురక్షితమైన మార్గం ఒక్కటే. 230 వోల్టుల వైపు పనిని ఫ్యాక్టరీలో సీలు చేసి వచ్చిన డ్రైవర్‌కు, లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌కు వదిలివేయాలి. డ్రైవర్ తర్వాత వచ్చే తక్కువ వోల్టేజీ వైపే తమ పనితనం చూపుకోవాలి.

ఎంసీబీ ఉంటే చాలదు

ఇంట్లో ఎంసీబీలు ఉన్నాయి కనుక భయం లేదన్నది మరో అపోహ. ఎంసీబీ కాపాడేది వైర్లను, మనిషిని కాదు. ఆరు ఆంపియర్ల ఎంసీబీ ఆరు ఆంపియర్లు దాటితే గాని కదలదు. గుండెకు ముప్పు తెచ్చే 30 మిల్లీ ఆంపియర్లకు ఇది 200 రెట్లు. మనిషి తీగ పట్టుకుని విలవిలలాడుతున్నా ఎంసీబీకి అది ఒక చిన్న దీపం వెలిగినట్లే కనిపిస్తుంది.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని ఇది నిరంతరం పోల్చుతుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు మనిషి గుండానో, తడి నేల గుండానో దారి మళ్లిందన్నమాట. వెంటనే సరఫరా నిలిపివేస్తుంది. కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల రకమే అడగాలి. వంద, మూడు వందల మిల్లీ ఆంపియర్ల రకాలు అగ్నిప్రమాదాల నివారణకు ఉద్దేశించినవి. అవి మనుషుల రక్షణకు సరిపోవు. ఎల్‌ఈడీ డ్రైవర్ల వంటి ఎలక్ట్రానిక్ పరికరాలకు టైప్ ఏ ఆర్‌సీసీబీ మెరుగైనది. ఐఎస్ 12640 ప్రమాణం కింద ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో చూడాలి. ఆర్‌సీసీబీ అధిక లోడును ఆపదు. అందుకే దానితో పాటు ఎంసీబీ కూడా ఉండాలి. రెండు పనులూ చేసే ఆర్‌సీబీఓ సైతం దొరుకుతుంది.

ఆర్‌సీసీబీపై ఉండే టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కగానే పడిపోకపోతే మార్చవలసిందే. వర్షాకాలంలో ఇది తరచుగా పడిపోతోందని విసుగు చెంది, దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేవారున్నారు. ఎక్కడో తడిసిన అతుకు నుంచి కరెంటు కారుతోందని అది హెచ్చరిస్తుంటే, ఆ హెచ్చరిక నోరు నొక్కడం తప్ప ఇది మరొకటి కాదు. కారే చోటును వెతికి బాగు చేయించాలి. ఆర్‌సీసీబీకి సైతం ఒక పరిమితి ఉంది. ఒక చేత్తో ఫేజ్, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది గుర్తించలేదు. దాన్ని చివరి రక్షణగానే భావించాలి.

ఎర్త్ లేని దీపం వద్దు

లోహపు చట్రం, అల్యూమినియం హీట్‌సింక్ ఉన్న దీపానికి, లోహపు డబ్బాలో ఉన్న డ్రైవర్‌కు ఎర్త్ వైరు తప్పనిసరి. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావాటి పిన్ను మిగతా రెండింటి కన్నా పొడవుగా ఉండటానికి కారణం ఉంది. ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్త్ అన్నింటికన్నా ముందు కలవాలి, తీసేటప్పుడు చివరగా విడిపోవాలి. దాన్ని విరగగొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడం, ప్లగ్గు లేకుండా వైరు కొసలను అగ్గిపుల్లతో సాకెట్‌లో దూర్చడం వంటి అలవాట్లు మానుకోవాలి.

ఎర్త్ వైరును చట్రానికి చుట్టి వదిలివేయరాదు. రంగు గీకి, లగ్గు, నట్టు, పళ్ల వాషరుతో గట్టిగా బిగించాలి. ఎర్త్ ఉన్నా గుంత ఎండిపోయి ఉంటే ఫలితం ఉండదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఎర్త్ గుంత నిరోధం 50 ఓమ్‌లు ఉందనుకుంటే, చట్రానికి ఫేజ్ తగిలినప్పుడు నేలలోకి పారే కరెంటు 4.6 ఆంపియర్లే. ఆరు ఆంపియర్ల ఎంసీబీ పడిపోదు. చట్రంలో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. అదే చోట ఆర్‌సీసీబీ ఉంటే కన్నుమూసి తెరిచేలోగా సరఫరా ఆగిపోతుంది. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ ఉండాలనడానికి ఈ లెక్కే ఆధారం. రెండున్నర మీటర్ల జీఐ పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసిన పాత పద్ధతి గుంతలకు వేసవిలో తరచుగా నీళ్లు పోయాలి.

దీపం చట్రాన్ని తాకినప్పుడు సన్నగా చురుక్కుమంటే అలక్ష్యం చేయరాదు. డ్రైవర్‌లో వడపోత కోసం అమర్చే కెపాసిటర్ల కారణంగా ఎర్త్ కలపని చట్రంపై దాదాపు సగం మెయిన్స్ వోల్టేజీ కనిపించడం కద్దు. అది నిజంగా కెపాసిటర్ ప్రభావమా, ఇన్సులేషన్ దెబ్బతిన్నదా అన్నది చేతికి తెలియదు. ఎర్త్ సరిచేసే వరకు దీపాన్ని వాడరాదు. అలాగే స్విచ్ ఆపిన తర్వాత కూడా ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంటే స్విచ్ ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌లో పడి ఉండవచ్చు. స్విచ్‌లోని ఇండికేటర్ దీపం వల్ల, పొడవైన వైర్ల వల్ల కూడా ఇలా జరుగుతుంది. కాని న్యూట్రల్‌లో స్విచ్ ఉన్న పక్షంలో దీపం ఆరినా తీగలో కరెంటు ఉన్నట్లే. కనుక తప్పక పరీక్ష చేయించాలి.

12 వోల్టులైనా నిప్పు నిప్పే

తక్కువ వోల్టేజీ షాక్ కొట్టకపోవచ్చు. మంట పెట్టగలదు. వంద వాట్ల దీపానికి 230 వోల్టుల వద్ద కావలసిన కరెంటు అర ఆంపియరు లోపే. అదే 12 వోల్టుల వద్ద 8.3 ఆంపియర్లు కావాలి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుతో పది మీటర్ల దూరానికి ఈ కరెంటు పంపితే దారిలోనే 3 వోల్టులు నష్టపోతాయి. ఆ మేరకు 25 వాట్లు వైరులోనే వేడిగా మారతాయి. సన్నని స్పీకరు వైరు వాడితే ఇన్సులేషన్ కరుగుతుంది. అందుకే దూరం ఎక్కువైతే 36 లేదా 48 వోల్టుల డ్రైవర్‌ను ఎంచుకోవడం మేలు. తప్పనిసరై 12 వోల్టులు వాడితే మందమైన వైరు, ప్రతి శాఖకు విడిగా ఫ్యూజు ఉండాలి. బ్యాటరీతో నడిపేవారు బ్యాటరీ కొసకు దగ్గరలోనే ఫ్యూజు పెట్టుకోవాలి.

ఎల్‌ఈడీ వరుసలను ఒకే డ్రైవర్‌కు పక్కపక్కన కలిపేటప్పుడు మరో చిక్కు ఉంది. వేడెక్కిన వరుస మరింత కరెంటు లాగుతుంది. మరింత కరెంటుతో మరింత వేడెక్కుతుంది. చివరకు ఒక వరుస కాలిపోయి దాని వాటా కూడా మిగతా వరుసలపై పడుతుంది. ఒక్కో వరుసకు ఒక్కో స్థిర కరెంటు డ్రైవర్ ఉండటం ఉత్తమం.

మెయిన్స్ వైపు ఐఎస్ 694 ప్రమాణం గల 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడాలి. అతుకులను మెలిపెట్టి టేపు చుట్టడంతో సరిపెట్టరాదు. వేడికి టేపు జిగురు వదిలి ఊడిపోతుంది. మూత ఉన్న జంక్షన్ బాక్స్‌లో, మరలు బిగించే కనెక్టర్‌తో కలపాలి. దీపాన్ని వైరుతో వేలాడదీయరాదు. బరువు మోయడానికి గొలుసులు లేదా కొక్కేలు రెండు ఉండాలి. ఒకటి తెగినా దీపం నీళ్ల తొట్టిలో పడకుండా రెండవది ఆపుతుంది.

నీటిని దరి చేరనీయొద్దు

డ్రైవర్‌ను, ప్లగ్గును మొక్కలకు దూరంగా, నీళ్లు చిందని ఎత్తులో, గోడకు బిగించాలి. అక్కడి నుంచి తక్కువ వోల్టేజీ వైరు మాత్రమే మొక్కల వద్దకు రావాలి. ఆ వైరు సాకెట్ కన్నా కిందకు కొంత వేలాడి, తర్వాత పైకి ఎక్కేలా చూడాలి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు వద్దనే కింద పడిపోతుంది, సాకెట్‌లోకి పోదు. ఎక్స్‌టెన్షన్ బోర్డును నేల మీద, కుండీల మధ్య ఉంచరాదు.

ఆరుబయట వాడే పరికరాలపై ఐపీ సంఖ్య చూడాలి. ఇందులో మొదటి అంకె దుమ్ము నుంచి, రెండవది నీటి నుంచి రక్షణను తెలుపుతుంది. ఐపీ65 అంటే దుమ్ము చొరదు, నీటి ధార తగిలినా ఫరవాలేదు. ఐపీ67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు రాదు. ఐపీ20 అని ఉన్నది పొడి గదికే పరిమితం. ఐపీ65 పెట్టెకు వైరు కోసం సొంతంగా రంధ్రం చేసి గ్లాండ్ బిగించకపోతే ఆ సంఖ్యకు విలువ ఉండదు. మొక్కలపై మందులు, పోషక ద్రావణాలు పిచికారీ చేసే ముందు దీపాలు ఆపడం అలవాటు చేసుకోవాలి. ఎరువు కలిసిన నీరు మామూలు నీటికన్నా విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది, లోహాన్ని కూడా త్వరగా తినేస్తుంది.

వేడితో వేగిరపడే చేటు

ఎల్‌ఈడీ చల్లని దీపమని పేరు. నిజానికి అది తీసుకునే విద్యుత్తులో సుమారు సగం, నాసిరకం వాటిలో అంతకన్నా ఎక్కువ వేడిగానే మారుతుంది. యాభై వాట్ల చిప్ వెనుక పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉన్నట్లే లెక్క. చిప్‌కు, హీట్‌సింక్‌కు మధ్య థర్మల్ పేస్ట్ పలుచగా, సమంగా రాయాలి. ఫ్యాన్‌పై ఆధారపడిన దీపానికి 70 డిగ్రీల ప్రాంతంలో సరఫరా ఆపివేసే థర్మల్ కటాఫ్ తప్పక ఉండాలి. ఫ్యాన్ ఆగిపోయిన సంగతి ఇంట్లో ఎవరూ గమనించకపోయినా అది గమనిస్తుంది.

మన వేసవి 45 డిగ్రీలకు చేరుతుంది. రేకుల కప్పు కింద ఇంకా ఎక్కువ. డ్రైవర్‌పై రాసి ఉన్న గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రతను చూసి, దాని సామర్థ్యంలో 80 శాతానికి మించి లోడు వేయకుండా ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే లోపలి కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్ రంగంలో పాటించే లెక్క. దీపాన్ని థర్మోకోల్, అట్టపెట్టె, పాలిథిన్, పాత చీరల వంటి వాటితో తయారైన అరలో ఉంచరాదు. కొత్తగా చేసిన దీపాన్ని మొదటి రోజు మనిషి దగ్గర ఉండగానే నాలుగైదు గంటలు వెలిగించి, ఆపి, ప్లగ్గు తీసిన తర్వాతే వైర్లు, అతుకులు ఎంత వేడెక్కాయో చూడాలి. ప్లగ్గు తీసినా డ్రైవర్‌లోని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. దాని మూత తెరవరాదు.

తోటల్లో మరింత జాగ్రత్త

ఎకరాల మేర వేలాడే దీపాలకు పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి. వాటికి తోడు కొన్ని ప్రత్యేక సమస్యలు ఉన్నాయి. ఇంటి హోల్డర్లను ఆరుబయట వేలాడదీస్తే వాన నీరు నిండుతుంది. బల్బు మెడను మూసే రబ్బరు తొడుగు గల హోల్డర్లనే వాడాలి. డ్రాగన్‌ఫ్రూట్ స్తంభాల మధ్య లాగిన ఇనుప తీగకు కరెంటు వైరును చుట్టడం ప్రమాదకరం. గాలికి ఊగి ఇన్సులేషన్ ఒక్కచోట ఒరిసినా తీగ పొడవునా కరెంటు వస్తుంది. మరుసటి ఉదయం ఆ సాళ్లలో కలుపు తీసే కూలీకి ఆ సంగతి తెలియదు. వైరును ఇన్సులేటర్లపై, తలకు తగలని ఎత్తులో తీసుకెళ్లాలి.

కొన్నిచోట్ల ఫేజ్ వైరు ఒక్కటే లాగి, న్యూట్రల్‌కు బదులు నేలలో ఇనుప కడ్డీ పాతి దీపాలు వెలిగిస్తుంటారు. దీపాలు వెలుగుతాయి, కాని తిరుగు కరెంటు మొత్తం మట్టి గుండా పోతుంది. కడ్డీ చుట్టూ నేలలో, ముఖ్యంగా నీరు పెట్టిన రోజున, అడుగు అడుగుకూ వోల్టేజీ తేడా ఏర్పడుతుంది. కాళ్ల మధ్య దూరం ఎక్కువ గల పశువులు ముందుగా బలవుతాయి. కడ్డీ నుంచి తీగ ఊడితే దాని కొసలో పూర్తి 230 వోల్టులు ఉంటాయి. దీన్ని వెంటనే మానివేయాలి. ఎల్‌టీ లైనుకు కొక్కేలు తగిలించడం ప్రాణాంతకమే గాక, విద్యుత్ చట్టం 2003లోని 135వ సెక్షన్ కింద చౌర్యం కూడా. పంపుసెట్టు కనెక్షన్ నుంచి దీపాలు వేయదలచినవారు ముందుగా విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో విచారించి, తగిన కనెక్షన్ తీసుకోవాలి.

గ్రామాల్లో న్యూట్రల్ తెగినప్పుడు సింగిల్ ఫేజ్ వైర్లలోకి 400 వోల్టుల వరకు రావచ్చు. పిడుగుల సమయంలో క్షణకాలం అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. దీపాల పెట్టెలో సర్జ్ రక్షణ పరికరం, అధిక వోల్టేజీ కటాఫ్ పెట్టించడం మంచిది. ఉరుములు మొదలైతే మెయిన్ ఆపి తోట బయటకు రావాలి.

వెలిగించే ముందు సరిచూసుకోండి

1. డ్రైవర్ ఐసొలేటెడ్ రకమేనా, నమోదు సంఖ్య ఉందా?
2. సరఫరా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ గుండా వస్తోందా? టెస్ట్ బటన్ నొక్కితే పడిపోతోందా?
3. ప్లగ్గు మూడు పిన్నులదేనా? ఎర్త్ వైరు చట్రం వరకు చేరిందా? ప్లగ్గు తీసి, ఎర్త్ పిన్నుకు, చట్రానికి మధ్య మీటరుతో చూస్తే నిరోధం ఒక ఓమ్ లోపే ఉండాలి.
4. స్విచ్ ఫేజ్‌లోనే ఉందా?
5. చేతికి తగిలే చోట విప్పారిన వైరు కొస, టంకం బిందువు ఏదైనా కనిపిస్తోందా?
6. వైరుకు కింది వంపు, దీపానికి రెండు ఆధారాలు ఉన్నాయా?
7. దీపం వైపు నేరుగా చూడకుండా అందరికీ చెప్పారా? గాఢమైన నీలి కాంతి కంటికి హాని చేస్తుంది.

టెస్టర్ వెలగలేదు కనుక కరెంటు లేదని నిర్ధారించుకోరాదు. పొడి చెక్కపై నిలబడినా, టెస్టర్ పాడైనా అది వెలగకపోవచ్చు. ముట్టుకునే ముందు ప్లగ్గు తీయడమే నమ్మదగిన పద్ధతి.

షాక్ తగిలితే..

బాధితుడిని నేరుగా పట్టుకోరాదు. ముందుగా మెయిన్ ఆపాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో దాన్ని కూడా ఆపాలి. మెయిన్ ఆపినా దాని నుంచి 230 వోల్టులు వస్తూనే ఉంటాయి. ఆపడం కుదరకపోతే పొడి చెక్కపైన నిలబడి, పొడి కర్రతో తీగను తప్పించాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. పిలిచినా పలకక, శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ అంబులెన్స్ వచ్చేవరకు ఆపకుండా కొనసాగించాలి. మనిషి తేరుకుని బాగానే ఉన్నానని చెప్పినా ఆసుపత్రికి తీసుకువెళ్లి ఈసీజీ తీయించాలి. మంటలు లేస్తే నీళ్లు చల్లరాదు. సరఫరా ఆపి, ఇసుక లేదా పొడి రకం అగ్నిమాపక పరికరం వాడాలి. అగ్నిమాపక కేంద్రం నంబరు 101.

తెగిపడిన తీగలు, వంగిన స్తంభాలు, న్యూట్రల్ లోపాలపై 1912 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఆర్‌సీసీబీ, సరైన ఎర్త్, నమోదు గల డ్రైవర్.. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు కొన్ని వేల రూపాయలకు మించదు. దీపం ఖర్చులో దీన్ని మొదటి పద్దుగా రాసుకుని, మిగిలిన సొమ్ముతోనే ఎన్ని ఎల్‌ఈడీలు కొనాలో నిర్ణయించుకోవడం వివేకం. ఒక కుండీ తగ్గితే నష్టం లేదు.